16 లక్షల అప్పుతో ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్: ఏ జీతాన్ని చూసి లెక్క వేసుకోవాలి?

ప్రశ్న సారాంశం: మాది కోదాడ. ఆటో స్పేర్ పార్ట్స్ షాపు ఉంది, ఏడాదికి ఆరు లక్షల దాకా మిగులుతుంది. నా వయసు 48. అమ్మాయికి కౌన్సెలింగ్‌లో హైదరాబాద్ దగ్గర ఒక అటానమస్ కాలేజీలో ఈసీఈ కన్వీనర్ సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 2.3 లక్షలు. పక్క రాష్ట్రంలో ఒక డీమ్డ్ యూనివర్సిటీ సీఎస్‌ఈ సీటు ఇస్తోంది. అక్కడ ఏడాదికి 5.2 లక్షలు. చేతిలో ఉన్నది 4.8 లక్షలు. మిగతా 16 లక్షలకు ఇల్లు తనఖా పెట్టి విద్యారుణం తీసుకుందామని ఉంది. బ్రోచర్‌లో సగటు ప్యాకేజీ 8 లక్షలు, గరిష్ఠం 44 లక్షలు, ప్లేస్‌మెంట్స్ 92 శాతం అని వేశారు. సీటు బ్లాక్ చేయడానికి కొంత డబ్బు ఇప్పటికే కట్టాం. ఏం చేయమంటారు?

సమాధానం:

మీరిచ్చిన అంకెల ప్రకారమైతే ఇల్లు తనఖా పెట్టవద్దంటాను. ఆ యూనివర్సిటీ చెడ్డదని కాదు. అక్కడ చదివి మంచి ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు నాకు తెలుసు. ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో చాలా ఏళ్లు పనిచేశాను, చివర్లో నా టేబుల్ మీదకు వచ్చినవన్నీ విద్యారుణాల ఫైళ్లే. బాగా చదివే పిల్ల గురించి తండ్రి ఎప్పుడూ క్లాసులో మొదటి పదిమందిలో ఉంటుందనే లెక్క వేసుకుంటాడు. అప్పు మాత్రం క్లాసులో మధ్యన ఉన్న పిల్ల జీతంతో తీరాలి. ఆ జీతంతో తీరదనిపిస్తే, మీ అమ్మాయి ఎంత చురుకైనదైనా సరే, మీరు ఇంటిని పందెంలో పెడుతున్నట్టే.

ముందు అప్పు ఎంతవుతుందో చూద్దాం. 16 లక్షలూ ఒకేసారి ఇవ్వరు. ఏడాదికి 4 లక్షల చొప్పున బ్యాంకు నేరుగా యూనివర్సిటీ ఖాతాకు పంపుతుంది. అమ్మాయిలకు చాలా ప్రభుత్వ బ్యాంకులిచ్చే అర శాతం రాయితీ పోను వడ్డీ 10.5 శాతం అనుకుందాం. చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది మారటోరియం. ఈ ఐదేళ్లూ ఈఎంఐ కట్టక్కర్లేదు కానీ వడ్డీ ఆగదు, సాధారణ వడ్డీ పడుతూనే ఉంటుంది. మొదటి ఏడాది ఇచ్చిన 4 లక్షల మీద ఐదేళ్లు, రెండో ఏడాది ఇచ్చిన దాని మీద నాలుగేళ్లు, తర్వాతి వాటి మీద మూడు, రెండు. అన్నీ కలిపితే 5.88 లక్షలు. అంటే మొదటి ఈఎంఐ కట్టేనాటికే మీ బాకీ 21.88 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 29,500 రూపాయలు. పదిహేనేళ్లకు సాగదీస్తే 24,200. తగ్గింది కదా అనిపిస్తుంది. కానీ పదేళ్లయితే మొత్తం 35 లక్షల పైచిలుకు కడతారు, పదిహేనేళ్లయితే 43 లక్షలు దాటుతుంది. ఇవాళ మీకు 48. పదేళ్ల వాయిదా పెట్టుకుంటే మీకు 63 వచ్చాక, పదిహేనైతే 68 వచ్చాక ఆ ఇంటి పత్రాలు తిరిగి చేతికొస్తాయి.

కన్వీనర్ సీటుకూ ఇదే లెక్క వేయండి. నాలుగేళ్లకు 9.2 లక్షలు. మీ దగ్గరున్నది పోను 4.4 లక్షల అప్పు. మారటోరియం అయ్యేసరికి అది 6 లక్షలవుతుంది, పదేళ్లకు ఈఎంఐ 8,100 చిల్లర. రెండింటి మధ్య తేడా నెలకు 21,400. అంటే ఆ యూనివర్సిటీ డిగ్రీ మీ అమ్మాయికి ఏడాదికి కనీసం మూడు లక్షల సీటీసీ (కోతలకు ముందు కంపెనీ చెప్పే ఏడాది ప్యాకేజీ) ఎక్కువ తెచ్చిపెట్టాలి. ఒక ఏడాది కాదు, మొదటి నెల నుంచి పదేళ్ల పాటూ తెచ్చిపెట్టాలి. అప్పుడు గానీ రెండు దారులూ సమానం కావు. మీరు అడగాల్సిన ప్రశ్న ఇదీ. 8 లక్షల ప్యాకేజీ వస్తుందా రాదా అన్నది దాని తర్వాత.

ఇక జీతాల సంగతి. సగటు ప్యాకేజీ అన్న మాటకు నేను విలువ ఇవ్వను. పదిమందిలో తొమ్మిదిమందికి 4 లక్షలు, ఒకరికి 44 లక్షలు వచ్చాయనుకోండి. సగటు సరిగ్గా 8 లక్షలు. బ్రోచర్‌లో అబద్ధం ఒక్కటీ లేదు, కానీ ఆ పదిమందిలో 8 లక్షలు తీసుకుంటున్న పిల్ల ఒక్కరూ లేరు. మీకు కావాల్సింది మీడియన్. జీతాల వరసలో పిల్లలందరినీ నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలబడిన వాళ్ల జీతం అది. ఈ అంకె బ్రోచర్‌లో ఉండదు, అడిగినా కౌన్సెలర్లు చెప్పరు. కానీ చాలా యూనివర్సిటీల విషయంలో ఇది బయటే దొరుకుతుంది, మనవాళ్లు చూడరంతే.

కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి కాలేజీలకు, యూనివర్సిటీలకు ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే ర్యాంకులు ఇస్తోంది కదా. అందులో పాల్గొన్న ప్రతి సంస్థా తన లెక్కలు సమర్పించాలి, వాటిని తన వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. అందరూ ర్యాంకు చూసి వదిలేస్తారు. మీరు ఆ పీడీఎఫ్ తెరిచి, నాలుగేళ్ల యూజీ (డిగ్రీ) ప్రోగ్రామ్ ప్లేస్‌మెంట్ పట్టిక దగ్గరకు వెళ్లండి. మూడు బ్యాచ్‌లకు మూడు వరసలుంటాయి. ఒక్కో వరసలో మొదటి ఏడాది సీట్లెన్ని, ఎందరు చేరారు, లేటరల్ ఎంట్రీలో (నేరుగా రెండో ఏడాదిలో) ఎందరు, గడువులోపు పాసైనవారెందరు, ఉద్యోగం వచ్చినవారెందరు, వారి మీడియన్ జీతమెంత, పైచదువులకు వెళ్లినవారెందరు అని ఉంటుంది. పావుగంట పని.

ఎలా చదవాలో ఊహించిన అంకెలతో చెబుతాను. చేరినవారు 1,200. గడువులో పాసైనవారు 960. ఉద్యోగాలు వచ్చినవి 620 మందికి. మీడియన్ 4.5 లక్షలు. పైచదువులకు 90 మంది. ఇప్పుడు బ్రోచర్‌లో 92 శాతం ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. పాసైనవాళ్లలో ప్లేస్‌మెంట్ సెల్‌లో రిజిస్టరై, కంపెనీలు అడిగే సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల మార్కుల సగటు) ఉండి, బ్యాక్‌లాగ్‌లు లేనివాళ్లు 675 మంది అనుకుందాం. 675లో 620 అంటే 92 శాతమే. చేరిన 1,200 మందితో భాగిస్తే సగం కంటే కొంచెం ఎక్కువ. ఇంకో మెట్టు దిగండి. మీడియన్ 4.5 అంటే ఉద్యోగం వచ్చిన 620 మందిలో సగం మందికి అంతకంటే తక్కువే. అంటే 4.5 లక్షలో అంతకు మించో తెచ్చుకున్నవాళ్లు 310 మంది. చేరినవాళ్లలో నలుగురికి ఒకరు. లేటరల్ ఎంట్రీ పిల్లలు రెండో ఏడాదిలో కలుస్తారు కాబట్టి ఈ నిష్పత్తి కాస్త అటూఇటూ అవుతుంది, వాళ్లనీ కలిపితే ఇంకొంచెం తగ్గుతుంది. పైచదువులకు వెళ్లిన 90 మందిని నష్టంలో వేయకండి. కానీ పాసైన 960లో ఉద్యోగమూ లేక, పైచదువుకూ వెళ్లక మిగిలినవాళ్లు 250 మంది. వాళ్ల ఫొటోలు హోర్డింగ్ మీద ఉండవు.

ఇవి నేను లెక్క కోసం వేసిన అంకెలు, మీ యూనివర్సిటీవి కావు. దానివి మీరే తీసి ఇలాగే భాగించండి. కన్వీనర్ కాలేజీ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో ఉంటే దానికీ అదే చేయండి.

ఒక జాగ్రత్త. ఇవన్నీ సంస్థలు తమ గురించి తాము ఇచ్చుకునే లెక్కలు. ఆదాయపన్ను రికార్డులతోనో పీఎఫ్ ఖాతాలతోనో సరిచూసిన జీతాలు కావు. అమెరికాలో కాలేజ్ స్కోర్‌కార్డ్ అని ప్రభుత్వమే ఒక సైటు నడుపుతోంది. అందులో ఏ కాలేజీ కొట్టినా అక్కడ చదివినవాళ్ల జీతాలు పన్ను రికార్డుల నుంచి తీసినవి కనిపిస్తాయి, పక్కనే మీడియన్ అప్పు, చదువు పూర్తిచేసినవారి శాతం. మనకు అలాంటిది లేదు. (రేపు ఎంఎస్ ఆలోచన వచ్చి ఆ సైటు చూస్తే ఒకటి గుర్తుంచుకోండి. అందులోని జీతాలు అక్కడి ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థులవి. వీసా మీద వెళ్లిన మన పిల్లలు ఆ లెక్కలో ఉండరు.) ఇంకో సంగతి, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజనీరింగ్ ర్యాంకులో మీడియన్ జీతానికి ఉన్న వాటా నూటికి 5 మార్కులే. పరిశోధనకు 30. కాబట్టి పరిశోధనా పత్రాలు దండిగా వేసే యూనివర్సిటీ జీతాల్లో మామూలుగా ఉన్నా పై ర్యాంకు తెచ్చుకోగలదు. ర్యాంకు చూసి జీతం ఊహించుకోవద్దు.

సగటు ఒక్కటే కాదు, ప్లేస్‌మెంట్ లెక్కల్లో నేను చూసిన మెలికలు ఇంకా ఉన్నాయి. ఒకే పిల్లకు మూడు కంపెనీల్లో వస్తే మూడు ఆఫర్లని వేస్తారు. "2,000 ఆఫర్లు" అంటే రెండువేల మంది పిల్లలని అర్థం కాదు. నాలుగేళ్లలో విడతలుగా ఇచ్చే షేర్లు, ఒకసారే ఇచ్చే జాయినింగ్ బోనస్ మొదటి ఏడాది ప్యాకేజీలోనే కలిపేస్తారు. పాత క్యాంపస్‌లో నలభై ఏళ్లుగా వస్తున్న కంపెనీల పేర్లు మొన్న పెట్టిన కొత్త క్యాంపస్ బ్రోచర్‌లోనూ ఉంటాయి. మీకు సీటిచ్చింది ఏ క్యాంపస్‌లో? ఆ క్యాంపస్ లెక్కలు విడిగా అడగండి. "అందరికీ కలిపే డ్రైవ్ పెడతాం" అంటారు. మంచిదే, ఆ డ్రైవ్‌లో ఈ క్యాంపస్ నుంచి ఎందరు ఎంపికయ్యారో చెప్పమనండి. ఆఫర్ వేరు, చేరడం వేరు అన్నది 2022 బ్యాచ్ పిల్లల్ని అడిగితే చెబుతారు. పెద్ద ఐటీ కంపెనీల ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని రెండేళ్ల దాకా జాయినింగ్ కోసం ఎదురుచూసినవాళ్లున్నారు. ఆ రెండేళ్లూ మారటోరియం గడియారం ఆగదు.

మధ్యన ఉన్న పిల్లకు నిజంగా వచ్చేదెంత? క్యాంపస్‌లకు వచ్చి వందల్లో తీసుకునేవి ఐటీ సర్వీసెస్ కంపెనీలే. టీసీఎస్‌లో నింజా అనే మొదటి మెట్టు ప్యాకేజీ 3.36 లక్షలు, ఇన్ఫోసిస్‌లో మొదటి మెట్టు 3.6 లక్షలు. పదిహేనేళ్ల కిందట కూడా ఈ అంకెలు మూడు లక్షల పైనే ఉండేవి. అన్నీ పెరిగాయి, ఫీజులు మరీ పెరిగాయి, ఫ్రెషర్ జీతం అక్కడక్కడే ఉంది. 3.36 సీటీసీలో పీఎఫ్, ఇతర కోతలు పోను చేతికొచ్చేది 25 వేల లోపే. మీ ఈఎంఐ 29,500. పిల్ల జీతమంతా కట్టినా చాలదు. సరే, 4.5 లక్షల ప్యాకేజీ అనుకుందాం, చేతికి 32, 33 వేలు వస్తాయి. ఈఎంఐ పోతే మూడువేలు మిగులుతాయి. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో పీజీ హాస్టల్‌కే ఎనిమిది, పదివేలు కావాలి. ఆ తేడా ఎవరు పెడతారు? షాపు పెట్టాలి. టీసీఎస్‌లోనే డిజిటల్ అని 7 లక్షల మెట్టు ఉంది. అది వస్తే బండి నడుస్తుంది, కాస్త ఇరుకుగా. కానీ ఆ పరీక్ష రాసే అవకాశం రెండు కాలేజీల పిల్లలకూ ఉంటుంది. అక్కడ నెగ్గేది పిల్ల కోడింగ్.

ఇక్కడే ఈసీఈ, సీఎస్‌ఈ టెన్షన్ గురించి కూడా చెప్పాలి. సర్వీసెస్ కంపెనీలు బ్రాంచి చూడవు, ఈసీఈ పిల్లల్నీ తీసుకుంటాయి. కొన్ని ప్రొడక్ట్ కంపెనీలు (సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసేవి) మాత్రం సీఎస్‌ఈ, ఐటీ వాళ్లకే పరీక్ష పెడతాయి, అది నిజమైన నష్టమే. ఆ ఒక్క తేడా కోసం 11.6 లక్షల అసలు ఎక్కువ తెచ్చుకోవాలా అన్నది ఆలోచించండి. ఇంకో దారి ఉంది. కౌన్సెలింగ్ చివరి విడత అయ్యాక అదే కాలేజీలో సీఎస్‌ఈ సీట్లు ఖాళీ ఉంటే ఇంటర్నల్ స్లైడింగ్‌లో మారొచ్చు. ఖాళీలు తక్కువే ఉంటాయి, అయినా అప్లై చేయకుండా వదలకండి.

కన్వీనర్ సీటు బంగారమని నేను అనను. ఆదాయ పరిమితి వల్ల మీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. వచ్చేవాళ్ల అవస్థ వాళ్లది, బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి, ప్రభుత్వం డబ్బు రాలేదని పిల్లల సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. మీకు ఒక లాభం మాత్రం ఉంది. అక్కడి కన్వీనర్ ఫీజును రాష్ట్రంలోని ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ ఖరారు చేస్తుంది, మూడేళ్లకో బ్లాకు. డీమ్డ్ యూనివర్సిటీ ఆ కమిటీ కిందకు రాదు. ఆఫర్ లెటర్‌లో ట్యూషన్ ఫీజు నాలుగేళ్లూ అంతే అని రాసి ఉందా, ఏటా ఇంత శాతం పెరుగుతుందని ఉందా చూడండి. హాస్టల్ ఫీజు పెంపు గురించి చాలా లెటర్లలో ఒక్క మాటా ఉండదు. మీ 5.2 లక్షలు మొదటి ఏడాదిదే అయితే పైన వేసిన లెక్కంతా తక్కువ వేసినట్టే.

ఇప్పుడు తనఖా. మామూలు విద్యారుణ పథకంలో 4 లక్షల దాకా హామీ ఏదీ అడగరు, 7.5 లక్షల దాకా తనఖా లేకుండా ఇస్తారు, ఆపైన ఆస్తి పెట్టాలి. మీకు బ్యాంకులో చెప్పింది ఇదే అయి ఉంటుంది. కానీ 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం ఇచ్చింది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన సంస్థల జాబితా ఒకటి ఉంటుంది, మొదట్లో 860 సంస్థలున్నాయి. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉండి, మీ అమ్మాయి ప్రవేశ పరీక్ష మెరిట్ మీద సీటు తెచ్చుకుంటే, ఆస్తి తనఖా లేకుండా, థర్డ్ పార్టీ జామీను లేకుండా రుణం అడగొచ్చు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు వర్తించదు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు కాబట్టి 10 లక్షల వరకు రుణం మీద మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకీ మీరు అర్హులే. మీ లెక్కలో అది సుమారు లక్షా పాతిక వేలు. ఏడాదికి లక్ష మందికే ఇస్తారు, అందులో ప్రభుత్వ సంస్థల పిల్లలకు ప్రాధాన్యం, కాబట్టి ఖాయమని జేబులో వేసుకోకండి.

కొన్ని బ్రాంచీల్లో ఈ పథకం గురించి అడిగితే "అదంతా ఆన్‌లైన్ సార్, ఆలస్యమవుతుంది, ఇంటి పత్రాలు తెస్తే వారంలో చేసేస్తాం" అంటారు. ఆ ఆఫీసరు మీకు చెడు చేయాలని అనడం లేదు. తనఖా ఉన్న ఫైలు వాళ్లకు సుఖం. మీరు మాత్రం పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, ఆ నంబరుతోనే బ్రాంచికి వెళ్లండి. తిరస్కరిస్తే కారణం పోర్టల్‌లో రాయమనండి. రుణంతో పాటు ఇన్సూరెన్స్ పాలసీ అంటగడితే ప్రీమియం ఎంతో, అది రుణంలో కలుపుతున్నారో లేదో చూసి సంతకం పెట్టండి.

తనఖా లేకపోతే అప్పు తేలికైపోదు. మీరు సహ రుణగ్రహీతే. 90 రోజులు వాయిదా కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, మీ సిబిల్ స్కోరు, అమ్మాయి సిబిల్ స్కోరు రెండూ పడిపోతాయి. ఇరవై నాలుగేళ్ల పిల్లకు తొలి క్రెడిట్ రికార్డే అలా మొదలవుతుంది. తనఖా ఉంటే, ఆ ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటి మీదకు రావచ్చు. నా టేబుల్ మీద ఇబ్బంది పడిన ఖాతాల్లో పిల్లలు మోసగాళ్లు కాదు, సోమరులూ కాదు. ఎక్కువమంది 20 వేల జీతానికి చేరి, నెలకు పదివేలు పంపుతూ, మిగతా సగం తండ్రి సర్దలేక ఆగినవాళ్లు. ఒకాయన పిల్ల పెళ్లి కుదిరాక వచ్చి, అబ్బాయి వాళ్లకు ఈ లోను సంగతి తెలియకూడదు, ఉత్తరాలు షాపు అడ్రసుకు పంపండని అడిగాడు. ఫీజు లెక్క వేసేటప్పుడు ఇవేవీ ఎవరికీ గుర్తుకు రావు.

ఆదాయపన్ను మినహాయింపు ఉందిగా అని కన్సల్టెంట్లు ఊరిస్తారు. విద్యారుణ వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా ఎలాగూ పన్ను పడదు. నాలుగైదు లక్షల జీతగాళ్లకు ఈ మినహాయింపు వల్ల ఒరిగేది ఏమీ లేదు.

అయినా యూనివర్సిటీకే వెళ్లాలని అమ్మాయి గట్టిగా ఉంటే, నేను ఒప్పుకునే పరిస్థితులు రెండు ఉన్నాయి. మొదటిది, ర్యాంకును బట్టి చాలా యూనివర్సిటీలు ఫీజులో స్లాబులు ఇస్తాయి. ట్యూషన్‌లో సగం తగ్గి, అది నాలుగేళ్లూ ఉంటే లెక్క మారిపోతుంది. ఇక్కడ షరతు చదవండి. ఏటా ఇంత సీజీపీఏ ఉంటేనే స్కాలర్‌షిప్ కొనసాగుతుందని ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ తగ్గి, రెండో ఏడాది నుంచి పూర్తి ఫీజు పడిన పిల్లల ఫైళ్లు చూశాను. అప్పటికి రుణం మంజూరైన మొత్తం చాలదు, మళ్లీ టాప్ అప్ కోసం తిరగాలి. రెండోది, మీడియన్. ఆ క్యాంపస్‌లో ఆ బ్రాంచిలో మీడియన్ 7 లక్షలు దాటి, చేరినవాళ్లలో ముప్పావు వంతు మందికి ఉద్యోగాలు వస్తున్నాయంటే రిస్కు తీసుకోవచ్చు. అలాంటి ప్రైవేటు యూనివర్సిటీలు దేశంలో లేకపోలేదు, కానీ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

అప్పు తీసుకుంటే మాత్రం చదువు సాగుతుండగానే వడ్డీ కట్టండి. మొదటి ఏడాది నెలకు 3,500, రెండో ఏడాది 7,000, మూడో ఏడాది 10,500, నాలుగో ఏడాది నుంచి 14,000. ఇలా కడితే అసలు 16 లక్షల దగ్గరే ఆగుతుంది, చదువు కాలానికి ఒక శాతం వడ్డీ రాయితీ కూడా వస్తుంది, తర్వాత ఈఎంఐ 29,500కు బదులు 21,600 అవుతుంది. నెలకు యాభై వేలు మిగిలే షాపులోంచి నాలుగో ఏడాది 14,000 తీయగలరా? ఇప్పుడే మీ ఇంటావిడతో కూర్చుని నిజాయితీగా చూసుకోండి. అది కుదరదనిపిస్తే ఆ తర్వాతి 29,500 అసలే కుదరదు.

చివరిగా బ్లాకింగ్ కోసం కట్టిన డబ్బు. అది పోతుందేమోనని మిగతా 20 లక్షలు కట్టేయకండి. ఎన్ని ఇళ్లల్లో నిర్ణయం ఈ ఒక్క కారణం మీదే జరిగిపోతుందో! యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు ముందుగా సీటు వదులుకుంటే ఫీజు మొత్తం వాపసు ఇవ్వాలి, ప్రాసెసింగ్ కింద కోసుకునేది 5,000 దాటకూడదు. చివరి తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం. తేదీ దాటాక 15 రోజుల్లోపు 80, నెలలోపు 50, ఆపైన సున్నా. కొన్ని సంవత్సరాలకు యూజీసీ ఇంకా ఉదారమైన తేదీలు ప్రకటించింది, ఈ ఏడాది సర్క్యులర్ ఏమందో యూజీసీ సైట్‌లో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. విత్‌డ్రాయల్ మాత్రం ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు, తేదీ కనపడేలా ఈమెయిల్ పెట్టండి.

దానికంటే ముందు ఇవాళే అడ్మిషన్స్ ఆఫీసుకు ఒక మెయిల్ రాయండి. మా అమ్మాయి చేరబోయే క్యాంపస్‌లో, సీఎస్‌ఈలో, గత మూడు బ్యాచ్‌లకు ఎందరు చేరారు, ఎందరు గడువులో పాసయ్యారు, ఎందరు ఉద్యోగాల్లో చేరారు, వారి మీడియన్ జీతమెంత, నాలుగేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చు రాతపూర్వకంగా ఎంత అని. ఫోన్ చేసి "ఒకసారి క్యాంపస్ చూడటానికి రండి సార్, కారు పంపిస్తాం" అంటే వెళ్లకండి, మెయిల్‌కు మెయిల్‌లోనే జవాబు ఇమ్మనండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ పట్టికలూ ఆ జవాబూ ఇక్కడ పెడితే రెండు కాలేజీల లెక్కా పక్కపక్కన వేసి చూద్దాం. ఈలోగా కన్వీనర్ సీటుకు ట్యూషన్ ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ పూర్తిచేయండి. గడువు దాటితే ఆ సీటు రద్దవుతుంది, అప్పుడు ఎంచుకోవడానికి ఏదీ మిగలదు.